వి17 అంటే ఏమిటి?

ఆ ఫైల్లో 1,140 వరసలు, 63 కాలమ్‌లు. కాలమ్‌ల పేర్లు వి1, వి2, వి3... అలా వి63 దాకా. ఏ పేరు దేనికో చెప్పే కాగితం గానీ, ఇంకో ఫైలు గానీ దాని వెంట లేవు.

దాన్ని మా యూనివర్సిటీ లైబ్రరీలో నా దగ్గరికి తెచ్చిన అమ్మాయి పీహెచ్‌డీలో చేరి నాలుగు నెలలయింది. రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవాళ్ల నిద్ర గురించి 2018లో వాళ్ల విభాగంలోనే ఒక సర్వే జరిగింది. చేసిన సీనియర్ పట్టా పుచ్చుకుని వెళ్లిపోయింది. "డేటా అంతా ఇందులో ఉంది, ఇక్కణ్నుంచి మొదలుపెట్టు" అని గైడ్ ఒక హార్డ్‌డిస్క్ చేతిలో పెట్టారట. సరేనని ముందుగా సగటు వయసు లెక్క కట్టింది. 72.6 వచ్చింది.

"రాత్రి డ్యూటీలు చేసేవాళ్ల సగటు వయసు డెబ్బై రెండేళ్లు ఎలా ఉంటుంది మేడమ్?" అని అడిగింది. నాలుగు రోజులుగా ఆ ఒక్క అంకె చుట్టూ తిరుగుతోందనీ, గైడ్‌ని అడగడానికి మొహమాటపడి లైబ్రరీకి వచ్చిందనీ తర్వాత తెలిసింది.

వయసు కాలమ్‌ను చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు వరసలో పెట్టాం. అట్టడుగున 41 వరసల్లో 999 కనిపించింది. వయసు చెప్పనివాళ్లకు గుర్తుగా వేసిన అంకె అది. సర్వేలు చేసేవాళ్లలో ఇది పాత అలవాటే. అవి పక్కనపెట్టి మళ్లీ లెక్క కడితే సగటు 38 వచ్చింది. అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. నాకు మాత్రం అప్పుడే భయం పట్టుకుంది. ఆ సీనియర్ 999 బదులు 99 వేసి ఉంటే సగటు 40.2 వచ్చేది. నలభై అంటే ఎవరికి అనుమానం వస్తుంది? ఆ లెక్క అలాగే థీసిస్‌లోకి, అక్కణ్నుంచి పేపర్లోకి వెళ్లిపోయేది. తప్పు మరీ పెద్దది కాబట్టి పట్టుబడింది.

నేను యూనివర్సిటీ లైబ్రరీలో పరిశోధన డేటా వ్యవహారాలు చూస్తాను. అంతకుముందు పద్నాలుగేళ్లు క్యాటలాగింగ్‌లో పనిచేశాను. "నా డేటాకీ లైబ్రరీకీ ఏం సంబంధం?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేది ఇదీ: వందేళ్ల నాటి పుస్తకం అట్ట ఊడి, మొదటి పేజీలు పోయి నా బల్ల మీదికి వచ్చినా, ఓ పది పేజీలు చదివితే అది దేని గురించో చెప్పగలను. ఆరేళ్ల నాటి ఎక్సెల్ ఫైలు చెక్కుచెదరకుండా వచ్చినా చెప్పలేను. ఆ అంకెల అర్థం వాటిని వేసిన మనిషి బుర్రలో ఉంటుంది. ఆ మనిషి వెళ్లిపోకముందే, మర్చిపోకముందే దాన్ని రాయించి పెట్టడమే నా ఉద్యోగమని నమ్ముతాను. బ్యాకప్పులూ, డేటాను భద్రపరిచి పంచే రిపాజిటరీలూ, ప్లాన్లూ అన్నీ దాని తర్వాతే.

ఆ ఫైలుతో మేమిద్దరం మూడు మధ్యాహ్నాలు కూర్చున్నాం. వి4లో అన్నీ ఒకట్లూ రెండ్లూ. ఆడా మగా అని ఊహించాం, కానీ ఏది ఏది? హార్డ్‌డిస్క్‌లో ఇంకో ఫోల్డర్లో ప్రశ్నావళి స్కాన్ కాపీ దొరికింది. అందులో గడులు ఉన్నాయి గానీ ఏ గడికి ఏ అంకె వేశారో లేదు. చివరికి ఆ అమ్మాయే పట్టుకుంది. గర్భిణిగా ఉన్నప్పుడు రాత్రి డ్యూటీ చేశారా అన్న ప్రశ్నకు జవాబు ఉన్న వరసలన్నిటిలోనూ వి4 విలువ 2. అంటే 2 స్త్రీలు. ఒక ఉపప్రశ్న ఉండబట్టి సరిపోయింది. లేకపోతే ఆడామగా తేడాల మీద ఆమె రాయబోయే అధ్యాయం మొత్తం తలకిందులయ్యే ప్రమాదం ఉండేది.

తేదీలు ఇంకా ఇబ్బంది పెట్టాయి. కొన్ని వరసల్లో 03/04/2018 అని ఉంది, కొన్నింట్లో 43193 అని ఉంది. రెండోది చూసి అమ్మాయి ఫైలు పాడైపోయిందనుకుంది. పాడవలేదు. ఎక్సెల్ తేదీని లోపల ఒక అంకెగా దాచుకుంటుంది. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని అక్కణ్నుంచి రోజులు లెక్కపెట్టుకుంటూ వస్తుంది. ఆ లెక్కలో 43193 అంటే 2018 ఏప్రిల్ 3. అదే ఎక్సెల్‌లో 1904 నుంచి లెక్కపెట్టే ఇంకో పద్ధతి కూడా ఉంది, పాత మ్యాక్ కంప్యూటర్ల నుంచి వచ్చింది. రెంటికీ తేడా 1,462 రోజులు. ఒక పద్ధతిలోని అంకెను ఇంకో పద్ధతిలో చదివితే సర్వే తేదీ నాలుగేళ్ల ఒక రోజు ముందుకో వెనక్కో జరిగిపోతుంది. ఇక 03/04 అంటే ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా? ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం వెతికి తీశాం. అది మార్చి 19న వచ్చింది. అంతకుముందు ఎవరినీ ప్రశ్నలు అడగడానికి వీల్లేదు. కాబట్టి ఏప్రిల్ 3. తేదీ ఎప్పుడు రాసినా ఏడాది, నెల, రోజు ఆ వరసలో 2018-04-03 అని రాయమని, ఐఎస్ఓ 8601 అనే ప్రమాణం ఉన్నది అందుకేనని ఆ రోజే చెప్పాను. అలా రాస్తే ఫైలు పేర్లు కూడా వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి.

అలా ఒక్కొక్కటీ విప్పుకుంటూ వి16 దాకా వచ్చాం. వి17 దగ్గర ఆగిపోయాం. 0 నుంచి 4 దాకా విలువలు, మధ్యలో అక్కడక్కడా 8. ప్రశ్నావళిలో ఉన్నవి 21 ప్రశ్నలు, వాటిలో దేనికీ 0 నుంచి 4 కొలమానం లేదు. తర్వాత కాలమ్‌లు మళ్లీ కొంత అర్థమయ్యాయి, ఇది మాత్రం కాలేదు.

"ఆ సీనియర్ అక్కని అడుగుదాం" అన్నాను. హార్డ్‌డిస్క్‌లో ఉన్న మెయిల్‌కి రాస్తే తిరిగొచ్చింది. యూనివర్సిటీ మెయిల్ చదువు అవగానే మూసేస్తారు కదా. అదృష్టవశాత్తూ ఆవిడకు ఆర్కిడ్ నంబరు ఉంది. పరిశోధకులకు ఇచ్చే ఈ 16 అంకెల గుర్తింపు 2012లో మొదలైంది. పేరు మారినా, ఊరు మారినా, ఉద్యోగం మారినా నంబరు మారదు. ఆవిడ తన పేజీలో కొత్త ఉద్యోగం వివరం పెట్టుకుంది. దాని ఆధారంగా ఇంకో మెయిల్ రాశాం.

ఇది మా ఒక్క చోటి కథ కాదు. మొక్కల, జంతువుల శరీర కొలతల మీద వచ్చిన 516 పరిశోధన వ్యాసాలను తీసుకుని, వాటి రచయితలను డేటా ఇమ్మని అడిగి చూసిన ఒక అధ్యయనం 2014లో కరెంట్ బయాలజీ పత్రికలో వచ్చింది. వ్యాసాలు 2 నుంచి 22 ఏళ్ల కిందటివి. వ్యాసం వయసు ఒక్కో ఏడాది పెరిగేకొద్దీ డేటా ఇంకా మిగిలి ఉండే ఆడ్స్ (ఉండే అవకాశానికీ లేకపోయే అవకాశానికీ మధ్య నిష్పత్తి) 17 శాతం చొప్పున పడిపోతూ వచ్చాయి. రచయితకు మెయిల్ చేరే ఆడ్స్ ఏడాదికి 7 శాతం చొప్పున తగ్గాయి. నేను ప్రతి వర్క్‌షాపులోనూ ఈ రెండు అంకెలూ బోర్డు మీద రాస్తాను.

ఆవిడ జవాబు రావడానికి పదిరోజులు పట్టింది. ఈలోగా ఒక వర్క్‌షాపు జరిగింది. కార్పెంట్రీస్ వాళ్ల పాఠాలే వాడుకుంటాం. శాస్త్రవేత్తలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి 1998లో మొదలైన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ నుంచి పుట్టిన సంస్థ అది. పాఠాలన్నీ ఎవరైనా తీసుకుని మార్చుకుని వాడుకునేలా సీసీ బై లైసెన్సుతో పెట్టారు. వాళ్ల దగ్గర నేర్చుకున్న ఒక చిన్న పద్ధతి నాకు ప్రాణం. ప్రతి ఒక్కరికీ రెండు రంగుల స్టిక్కీ నోట్లు ఇస్తాం. పని అయిపోతే ఒక రంగు, చిక్కుకుపోతే రెండో రంగు ల్యాప్‌టాప్ మూతకు అతికించాలి. చెయ్యెత్తి "నాకు రావడంలేదు" అని చెప్పక్కర్లేదు. ప్రొఫెసర్లు కూడా వస్తారు. పదిమందిలో చెయ్యెత్తని ప్రొఫెసరు కాగితం మాత్రం అతికిస్తారు. ఈ పని నేర్పడంలో సిగ్గు తీసెయ్యడమే సగం కష్టమని నాకు అనుభవంలో తెలిసింది.

ఆ రోజు ఒక జీవశాస్త్రం విద్యార్థి తన జన్యువుల పట్టిక తెరిచి చూపించాడు. మధ్యలో రెండు మూడు గడుల్లో తేదీలు. మార్చ్1, సెప్ట్2 అని జన్యువుల పేర్లు టైపు చేస్తే ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబర్ 2 అనుకుంటుంది, అడక్కుండానే మార్చేస్తుంది. 2016లో జీనోమ్ బయాలజీలో వచ్చిన పరిశీలన ప్రకారం, ఎక్సెల్‌లో జన్యువుల పట్టికలు జతచేసిన వ్యాసాల్లో దాదాపు అయిదింట ఒక వంతులో ఇలాంటి తప్పులున్నాయి. చివరికి 2020లో జన్యువులకు పేర్లు పెట్టే కమిటీయే ఆ పేర్లు మార్చుకుంది. ఆ కుర్రాడు తనొక్కడే ఏదో తప్పు చేశానని బెంగపడుతూ కూర్చున్నాడు. ఈ సంగతి విన్నాక తేరుకున్నాడు. పేర్లున్న కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా పెట్టుకోవడం, అసలు ఫైలును ముట్టుకోకుండా కాపీ మీద పనిచేయడం అప్పటికప్పుడు చేయించాను. ఒకే మాటను పది రకాలుగా టైపు చేసినవాళ్లకు ఓపెన్‌రిఫైన్ అనే డేటా శుభ్రం చేసే ప్రోగ్రాము చూపిస్తే కళ్లు మెరుస్తాయి. దగ్గరదగ్గర స్పెల్లింగులన్నీ ఒక గుంపుగా చేర్చి "ఇవన్నీ ఒకటేనా?" అని అడుగుతుంది, మనం ఒప్పుకుంటేనే కలుపుతుంది. తెలుగులో జవాబులు సేకరించినవాళ్లకు ఇంకో పాఠం ఉంటుంది. సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ పట్టిక) నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు రావచ్చు. డేటా పోయిందని కంగారుపడి సేవ్ చేశారా, అప్పుడు నిజంగానే పోతుంది. సేవ్ చెయ్యకుండా మూసి, ఇంపోర్ట్ ద్వారా యూటీఎఫ్-8 అనే అక్షరాల సంకేత పద్ధతి ఎంచుకుని తెరవాలి.

అదే వారం ఇంకొకరు వచ్చారు, ఇంటర్వ్యూల మీద పనిచేసే స్కాలర్. ఈ తరహా డేటా దగ్గర నేను చాలాసేపు ఆగుతాను. అంకెల్లో తప్పు జరిగితే పేపరు దెబ్బతింటుంది. ఇక్కడ తప్పు జరిగితే మనిషి దెబ్బతింటాడు. 24 మంది కార్మికులతో మాట్లాడి, ట్రాన్స్‌క్రిప్టుల్లో పేర్లన్నీ తీసేసి, "ఇక రిపాజిటరీలో పెట్టేయొచ్చా?" అని అడిగాడు. ఒకటి తెరిచి చదివాను. నాలుగో పేజీలో ఒకామె "ఈ ఫ్యాక్టరీలో క్రేన్ నడిపే ఆడదాన్ని నేనొక్కదాన్నే" అంటోంది. ఆ తర్వాత సూపర్‌వైజర్ తనను ఎలా వేధించాడో చెబుతోంది. పేరు లేకపోతేనేం, అక్కడ పనిచేసే ఎవరికైనా ఆ ఒక్క వాక్యం చాలు. లతాన్యా స్వీనీ అనే శాస్త్రవేత్త 2000లో వేసిన లెక్క ప్రకారం, అమెరికా జనాభాలో 87 శాతం మందిని పుట్టిన తేదీ, ఆడా మగా, అయిదంకెల జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ఈ మూడింటితోనే విడిగా గుర్తుపట్టే అవకాశం ఉంది. వీటిలో పేరు ఎక్కడా లేదు.

అతని సమ్మతి పత్రం తీసి చూస్తే "మీ మాటలు మా పరిశోధన బృందం తప్ప ఇంకెవరూ చూడరు" అని రాసి ఉంది. ఆ మాట ఇచ్చాక ఇంక చర్చ లేదు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉండాలి. ట్రాన్స్‌క్రిప్టులు బయటపెట్టకుండా, అలాంటి డేటా ఉందన్న వివరం, ఇంటర్వ్యూ ప్రశ్నలు, పద్ధతి మాత్రం నమోదు చేశాం. 2016లో వచ్చిన ఫెయిర్ సూత్రాల్లో కూడా డేటా దొరకాలి, అందాలి, ఇతర డేటాతో కలవాలి, మళ్లీ వాడుకోవడానికి పనికిరావాలి అన్నారే గానీ అంతా బాహాటంగా పెట్టెయ్యమని ఎక్కడా లేదు. ఎలాంటి షరతుల మీద చూడొచ్చో స్పష్టంగా రాసి, తలుపు మూసి ఉంచిన డేటా కూడా ఫెయిరే. కానీ నాకు బాధ కలిగించింది ఇంకొకటి. ఎథిక్స్ కమిటీకి వెళ్లకముందు ఆ సమ్మతి పత్రం ఒక్కసారి మాకు చూపించి ఉంటే, "పేరూ గుర్తులూ తీసేశాక ఇతర పరిశోధకులు చదవడానికి ఒప్పుకుంటారా?" అని ఒక ప్రశ్న చేర్చేవాళ్లం. ఒప్పుకునేవాళ్లు ఒప్పుకునేవాళ్లు, వద్దనేవాళ్లు వద్దనేవాళ్లు. ఆ కార్మికులను అడగను కూడా అడగలేదు. తమ బాధ నలుగురికీ తెలియాలని కోరుకున్నవాళ్లు ఆ 24 మందిలో ఉండి ఉంటారు.

మా దగ్గరికి చివర్లో రావడమనే ఈ జబ్బే నన్ను అన్నిటికన్నా ఎక్కువ కుంగదీస్తుంది. డేటాను ఎలా సేకరించి, దాచి, పంచుకుంటారో ముందే రాసిచ్చే డేటా మేనేజ్‌మెంట్ ప్లాన్ల సంగతీ అంతే. అమెరికాలో పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థలు ఎన్‌ఎస్‌ఎఫ్ 2011 జనవరి నుంచీ, ఎన్‌ఐహెచ్ 2023 జనవరి 25 నుంచీ దరఖాస్తుతోపాటు ప్లాన్ తప్పనిసరి చేశాయి. చాలా నిధుల సంస్థల దారి ఇప్పుడు అదే. గడువు రేపనగా సాయంత్రం ఆరింటికి మాకు మెయిల్ వస్తుంది, "ఏదైనా నమూనా ఉంటే పంపండి" అని. పంపిస్తాను, ఎందుకంటే గ్రాంట్ పోతే నష్టపోయేది ఆ గ్రాంట్ మీద బతికే స్కాలర్లు. కానీ నమూనాలో ఒక్క ప్రశ్న మాత్రం ఖాళీగా ఉంచి, వాళ్లే నింపాలని పట్టుబడతాను: ఈ పనులు చేసే మనిషి పేరు ఏమిటి? "మా బృందం" అని రాస్తే తిప్పి పంపుతాను. బృందం పని అని రాసిన చోట ఎవరూ రీడ్‌మీ (ఫైళ్లలో ఏముందో చెప్పే చిన్న వివరణ) రాయలేదు, నేను చూసినంతలో.

బ్యాకప్ గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అందరికీ తెలుసు, చేసేవాళ్లే తక్కువ. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి వేరే భవనంలో. క్లౌడ్‌లో సింక్ అయితే బ్యాకప్ అయినట్టు కాదు, ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. పెద్ద సంస్థలకు ఇవన్నీ జరగవనుకునేవాళ్లకు 2021 డిసెంబర్‌లో క్యోటో యూనివర్సిటీ సూపర్ కంప్యూటర్‌లో జరిగింది చెబుతాను. బ్యాకప్ ప్రోగ్రాములోనే లోపం వల్ల దాదాపు 77 టెరాబైట్ల ఫైళ్లు చెరిగిపోయాయి. ఆ బ్యాకప్పును ఒకసారి వెనక్కి తెచ్చి చూసుకున్నారా అని నేను అందరినీ అడుగుతాను. జవాబుగా ఎక్కువసార్లు మౌనమే వస్తుంది.

రిపాజిటరీ ఎంచుకోవడం ఇప్పుడంత కష్టం కాదు. మీ రంగానికి ప్రత్యేకంగా ఉంటే అదే మేలు, రిపాజిటరీల జాబితా అయిన ఆర్‌ఈ3డేటాలో వెతకొచ్చు. లేకపోతే యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ 2013 నుంచి నడుపుతున్న జెనోడో ఉంది. అక్కడ పెట్టిన డేటాకు డీఓఐ అనే శాశ్వత గుర్తింపు నంబరు వస్తుంది, దాంతో ఎవరైనా ఉదహరించొచ్చు. కానీ డీఓఐ వచ్చినంత మాత్రాన వి17కి అర్థం రాదు.

పదకొండో రోజు సీనియర్ నుంచి మెయిల్ వచ్చింది. "అయ్యో, ఆ ఫైలుతోనా కుస్తీ పడుతున్నారు? శనివారం ఖాళీగా ఉంటాను" అని. వీడియో కాల్‌లో ముగ్గురం కూర్చున్నాం. మనిషి చాలా మంచిది, జ్ఞాపకం కూడా గట్టిదే. 999 తనదేనని చెప్పింది. వి22 నుంచి వి30 దాకా నిద్ర స్కోర్లు, వి31 వాటి మొత్తం, అందులో రెండు ప్రశ్నల విలువలు తిరగేసి (పెద్దదాన్ని చిన్నదిగా, చిన్నదాన్ని పెద్దదిగా) కూడాలి. ఆ ఒక్క మాట చెప్పకపోయి ఉంటే అమ్మాయి స్కోర్లన్నీ తప్పేవి. చెబుతున్నది చెబుతున్నట్టే అమ్మాయి కోడ్‌బుక్‌లో టైపు చేస్తోంది. కాలమ్ పేరు, అర్థం, విలువలు, యూనిట్లు, జవాబు లేకపోతే వేసిన గుర్తు. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలు 2018లో కేటాయించి ఉంటే అని నేను పైకి అనలేదు. అప్పుడు ఆవిడకు ఈ సంగతి చెప్పినవాళ్లు ఎవరూ లేరు. మా సేవ అప్పటికి మొదలే కాలేదు.

చివరికి వి17 దగ్గరికి వచ్చాం. ఆవిడ స్క్రీన్ దగ్గరికి వంగి చాలాసేపు చూసింది. "8 అంటే వర్తించదు. అది నాకు బాగా గుర్తు" అంది. తర్వాత లేచి వెళ్లి పాత నోట్‌బుక్ తెచ్చింది. పేజీలు తిప్పింది. "ఇది నేనే పెట్టాను చెల్లీ. దేన్నుంచో లెక్కకట్టి పెట్టాను. ఎందుకో మాత్రం..." అని ఆగిపోయింది. ఆవిడ ముఖం చిన్నబోయింది. అమ్మాయే, "పర్లేదక్కా, నేను దాన్ని వాడను" అంది.

కాల్ ముగిశాక వి17ను ఫైల్లోంచి తీసేద్దామా అని నన్ను అడిగింది. వద్దన్నాను. ఎవరికి తెలుసు, రేపు ఇంకెవరికైనా అర్థం కావచ్చు. కోడ్‌బుక్‌లో ఆ వరస దగ్గరికి వెళ్లి టైపు చేసింది: "వి17. విలువలు 0 నుంచి 4. 8 అంటే వర్తించదు. అర్థం తెలియదు. డేటా వేసినవారిని అడిగాం, గుర్తులేదు. విశ్లేషణలో వాడలేదు." పక్కన ఆ రోజు తేదీ వేసింది. ముందు ఏడాది, తర్వాత నెల, తర్వాత రోజు, నేను గుర్తుచెయ్యకుండానే.